గుణింతంలో దాగిన ధ్వని పాఠం

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. మరుసటి ఏడాది బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో తెలుగు, కన్నడ వీధిబడుల తీరు కనిపిస్తుంది: జిల్లాలో అన్ని భాషలవీ కలిపి 533 బడులు, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే పిల్లలు, చిన్నవాళ్ళకు పాఠం చెప్పే పెద్ద పిల్లలు. అర్థం తెలియని పద్యాల వల్లెవేతను ఆయన తప్పుపట్టాడు. ఆ విమర్శ న్యాయమే. కానీ అదే లెక్కన గుణింతాన్నీ వట్టి బట్టీ అని కొట్టిపారేయడం సరికాదు. క, కా, కి, కీ అంటున్నప్పుడు హల్లు నిలిచి అచ్చు మారుతుంది. కా, గా, చా అన్నప్పుడు అచ్చు నిలిచి హల్లు మారుతుంది. మాటలోని అతి చిన్న ధ్వనిని చెవి విడిగా పట్టుకోవడానికి ఇంతకన్నా చక్కని అమరిక అరుదు.

తెలుగును రాసినట్టే చదువుతాం గనక ధ్వనుల శిక్షణ ఇంగ్లీషుకే అవసరమని కొందరంటారు. ఆ మాట వత్తుల దగ్గర నిలవదు. ‘కష్టం’ రాయాలంటే ష్, ట్ వేరువేరుగా వినపడాలి. కన్నడ పిల్లలపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన కూడా ఈ ధ్వని స్పృహ నెమ్మదిగా వస్తుందని చూపింది. లోపం గుణింతంలో లేదు, వరుస తప్పనివ్వకుండా అప్పజెప్పించడంలో ఉంది. ‘పాలు’లో ఆకారం తీసి ఊకారం పెడితే ఏమవుతుందని అడగాలి, ‘పూలు’ అని పిల్లలే కనుక్కోవాలి. రాయ్‌పూర్‌లోని గుఢియారీ వంటి చోట హిందీ బడిలో బారహ్‌ఖడీ, అంటే హిందీ గుణింతం, నేర్చే తెలుగు పిల్లలకు ఈ ఒక్క అలవాటు రెండు లిపులనూ తెరుస్తుంది.