అప్పలాచియన్ ట్రెయిల్

అప్పలాచియన్ ట్రెయిల్ అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు భాగంలో అప్పలాచియన్ పర్వతశ్రేణుల వెంబడి సాగే సుదూర కాలిబాట. ఇది దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ పర్వతంపై మొదలై, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరంపై ముగుస్తుంది. దీని పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. మరమ్మతుల కొరకు, భూమి సమస్యల వలన దారిని అక్కడక్కడ మళ్ళిస్తూ ఉంటారు కనుక ఈ సంఖ్య తరచు కొద్దిగా మారుతుంది. కాలినడకకు మాత్రమే ఉద్దేశించిన మార్గాలలో ప్రపంచంలోని మిక్కిలి పొడవైనవాటిలో ఇది ఒకటి. దీనిని నిర్మించినవారిలోను, నేటికీ నిర్వహిస్తున్నవారిలోను అధిక సంఖ్యాకులు జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలే.

మార్గం

ఈ కాలిబాట 14 రాష్ట్రాల గుండా పోతుంది. అవి: జార్జియా, ఉత్తర కరోలినా, టెన్నెసీ, వర్జీనియా, పశ్చిమ వర్జీనియా, మేరీలాండ్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మెయిన్. మొత్తం దూరంలో దాదాపు నాలుగవ వంతు ఒక్క వర్జీనియాలోనే ఉన్నది. కాలిబాటపై అత్యంత ఎత్తైన స్థలం గ్రేట్ స్మోకీ పర్వతాలలోని కువోహి (2,025 మీటర్లు). క్లింగ్‌మన్స్ డోమ్ అని పిలువబడుతూ వచ్చిన ఈ శిఖరానికి 2024లో తిరిగి చెరోకీ జాతివారి ప్రాచీన నామాన్నే అధికారికంగా ఇచ్చారు. అత్యంత పల్లపు స్థలం న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్ మౌంటెన్ వద్ద, ఒక చిన్న జంతు ప్రదర్శనశాల లోపల ఉన్నది. అడవి ఎలుగుబంట్లకు భయపడుతూ వచ్చిన పాదచారులు ఇక్కడ బోనులోని ఎలుగుబంట్లను చూస్తూ నడుస్తారు.

ఆలోచన, నిర్మాణం

ఈ కాలిబాటను మొదట ప్రతిపాదించినవాడు అటవీశాస్త్ర నిపుణుడైన బెంటన్ మెకై. 1921 అక్టోబరులో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ పత్రికలో ఆయన వ్యాసం వెలువడినది. అందులో కాలిబాట ఒక భాగం మాత్రమే. నగరాలలోని కార్మికులు సెలవులలో వచ్చి ఉండటానికి శిబిరాలు, సహకార పద్ధతిలో నడిచే వ్యవసాయ క్షేత్రాలు, గ్రామాలు కొండల పొడవునా వెలయాలని, వాటన్నిటినీ కలిపే దారంగా కాలిబాట ఉండాలని ఆయన భావించాడు. ఆ శిబిరాలు, గ్రామాలు ఏనాడూ రాలేదు. దారం మాత్రం మిగిలినది.

తొలి భాగాన్ని 1923లో బేర్ మౌంటెన్ ప్రాంతంలో ప్రారంభించారు. 1925లో వాషింగ్టన్‌లో అప్పలాచియన్ ట్రెయిల్ కాన్ఫరెన్స్ అనే సంస్థ ఏర్పడినది (ఇదే నేటి అప్పలాచియన్ ట్రెయిల్ కన్సర్వెన్సీ). అయినా పని మందకొడిగానే సాగింది. దానిని వేగవంతం చేసినవాడు మైరన్ ఏవరీ అనే న్యాయవాది. 1931 నుండి 1952 వరకు సంస్థకు అధ్యక్షుడుగా ఉన్న ఏవరీ సైకిలు చక్రంతో చేసిన కొలత సాధనాన్ని ముందుకు దొర్లించుకుంటూ దారిని కొలిచేవాడు. 1936 నాటికి ఆయన విడతలు విడతలుగా మొత్తం మార్గాన్ని నడిచాడు. ఆ విధంగా నడిచిన మొదటి వ్యక్తి ఆయనే. ఆయన స్వరాష్ట్రం మెయిన్. మెకై తొలి ప్రతిపాదనలో ఉత్తరపు కొస న్యూ హాంప్‌షైర్‌లోని వాషింగ్టన్ శిఖరమే కాగా, అది కటాడిన్ దాకా పొడిగించబడి నిలవటంలో ఏవరీ పట్టుదలకు పెద్ద పాత్ర ఉన్నది. 1937 ఆగస్టులో మెయిన్ రాష్ట్రంలోనే చివరి లంకె పూర్తయినది.

మెకై, ఏవరీల వివాదం

ఈ ఇద్దరి మధ్య వచ్చిన విభేదం కాలిబాట చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. 1930లలో ప్రభుత్వం వర్జీనియాలోని షెనెండోవా ప్రాంతంలో స్కైలైన్ డ్రైవ్ అనే మోటారు రహదారిని నిర్మించింది. అది కాలిబాట పోయే కొండకొప్పుల మీదుగానే సాగింది. రహదారిని ఆపటం అసాధ్యమని, ప్రభుత్వ సహాయంతో కాలిబాటను పక్కకు జరిపి పూర్తి చేయటమే మేలని ఏవరీ వాదించాడు. మోటారు శబ్దం వినబడే చోట నడిచేటట్లయితే కాలిబాట ఉద్దేశమే నెరవేరదని మెకై వాదన. 1930ల మధ్యలో ఇద్దరి సంబంధాలు పూర్తిగా తెగిపోయాయి. మెకై కాలిబాట సంస్థకు దూరమై, 1935లో వైల్డర్‌నెస్ సొసైటీ స్థాపకులలో ఒకడైనాడు. వాస్తవానికి మెకై లేనిదే ఈ దారి ఊహకు అందేది కాదు; ఏవరీ లేనిదే నేలమీదకు వచ్చేది కాదు. స్కైలైన్ డ్రైవ్‌ను కాలిబాట నేటికీ అనేక చోట్ల దాటుతుంది.

పూర్తిగా నడిచినవారు

కాలిబాటను ఒకే ప్రయాణంలో ఆద్యంతం నడవటాన్ని త్రూ-హైకింగ్ అంటారు. ఇది సాధ్యం కాదని చాలాకాలం భావించారు. 1948లో ఎర్ల్ షాఫర్ అనే మాజీ సైనికుడు 124 రోజులలో నడిచి వచ్చినప్పుడు సంస్థవారు మొదట నమ్మలేదు. అతను తీసిన ఛాయాచిత్రాలను, వ్రాసుకున్న దినచర్యను చూచిన తరువాతనే అంగీకరించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ప్రాణమిత్రుని కోల్పోయిన షాఫర్, ఆ దుఃఖాన్ని నడకతో పోగొట్టుకొనుటకే బయలుదేరాడు. 1998లో, 79 ఏళ్ళ వయసులో అతను మళ్ళీ పూర్తిగా నడిచాడు.

ఒహాయో రాష్ట్రానికి చెందిన ఎమ్మా గేట్‌వుడ్ కథ ఇంకా ప్రసిద్ధమైనది. ఆమె 11 మంది బిడ్డల తల్లి. భర్త చేతిలో ఏళ్ళ తరబడి దెబ్బలు తిని చివరకు విడాకులు పొందినది. 1954లో మెయిన్ వైపు నుండి బయలుదేరి దారితప్పగా అటవీ సిబ్బంది ఇంటికి పంపివేశారు. మరుసటి సంవత్సరం ఎవరికీ వివరం చెప్పకుండా జార్జియా నుండి నడక మొదలుపెట్టి, 1955 సెప్టెంబరు 25న కటాడిన్ చేరినది. అప్పటికి ఆమె వయసు 67. ఆమె వద్ద గుడారం లేదు. కాళ్ళకు గుడ్డ బూట్లు, భుజాన తాను కుట్టుకున్న సంచి, వాన వస్తే కప్పుకొనటానికి స్నానాలగదిలో వాడే ప్లాస్టిక్ తెర మాత్రమే ఉండేవి. దారి పరిస్థితి బాగాలేదని ఆమె పత్రికలవారితో నిర్మొహమాటంగా చెప్పినది.

ప్రస్తుతం ఏటా 3,000 మందికి పైగా పూర్తి నడకకు పూనుకొంటున్నారు. వారిలో నాలుగవ వంతు మందే ముగించగలుగుతున్నారు. దీనికి సాధారణంగా 5 నుండి 7 నెలలు పడుతుంది.

గుర్తులు, ప్రమాదాలు

చెట్ల బోదెలపై, రాళ్ళపై సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు గల తెల్లని పట్టీలు దారిని చూపుతాయి. ఒకదానిపై ఒకటిగా రెండు పట్టీలు ఉంటే మలుపు రానున్నదని అర్థం. నీలి పట్టీలు పక్కదారులకు గుర్తు. మెయిన్‌లోని కెన్నెబెక్ నదిని నడిచి దాటబోయిన ఒక పాదచారి 1985లో మునిగి మరణించిన తరువాత అక్కడ పడవను ఏర్పాటు చేశారు. పడవ అడుగున కూడా తెల్లపట్టీ ఉండటం వలన అది కాలిబాటలో భాగమే అయినది.

గుర్తులు కనుచూపు దాటితే అడవి ఎంత ప్రమాదకరమో 2013లో తేలినది. మెయిన్‌లో కాలకృత్యాలకై కొద్దిగా పక్కకు వెళ్ళిన ఒక మహిళ తిరిగి దారి కనుగొనలేకపోయినది. సెల్‌ఫోను సంకేతాలు అందక ఆమె పంపిన సందేశాలు ఎవరికీ చేరలేదు. దాదాపు నాలుగు వారాలు ఆమె జీవించి ఉన్నట్లు ఆమె వ్రాతల వలన తెలిసినది. రెండేళ్ళ తరువాత అవశేషాలు దొరికిన చోటు కాలిబాటకు ఎంతో దూరం లేదు. నిజానికి ఇక్కడి నిత్య ప్రమాదాలు ఎలుగుబంట్లు కావు: గోమారి పురుగు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి, తడి, చలి, జారుడు రాళ్ళు.

రక్షణ, నిర్వహణ

1968 చట్టం ద్వారా అప్పలాచియన్, పసిఫిక్ క్రెస్ట్ కాలిబాటలు దేశంలో మొదటి జాతీయ సుందర కాలిబాటలైనాయి. అంతవరకు దారిలో చాలా భాగం ప్రైవేటు భూముల యజమానుల దయపై ఆధారపడినది. 1978 సవరణ తరువాత భూసేకరణ ఊపందుకుని, దాదాపు మొత్తం మార్గం ప్రభుత్వ రక్షణలోకి వచ్చినది. రోజువారీ పని మాత్రం సుమారు 30 స్థానిక సంఘాలదే. పడిన చెట్లను కోయటం, వాననీరు పక్కకు పోయేలా కాలువలు తీయటం, పట్టీలకు రంగు వేయటం, 250కి పైగా ఉన్న మూడు గోడల బసలను బాగుచేయటం వారి విధులు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఉత్తర కరోలినా, టెన్నెసీ, వర్జీనియాలలో వేలాది చెట్లను కాలిబాటపై కూల్చివేసినది. టెన్నెసీలోని అర్విన్ వద్ద నోలిచకీ నదిపై కాలిబాట దాటే వంతెన కొట్టుకుపోయినది.