మెదడులో లాకులు: డోపమైన్ వెనక సుబ్బారావు గారి ఏటీపీ

మన డెల్టా కాలువల మీద లాకులు చూశారుగా? పడవ లోపలికొచ్చాక వెనక తలుపు మూసి, అప్పుడే ముందు తలుపు తీసేవాళ్లు. కణం పొరలోని ట్రాన్స్‌పోర్టర్ ప్రొటీన్లదీ ఇదే పద్ధతి అని 1966లో జార్డెట్‌స్కీ ఊహించాడు.

మెదడులో పనైపోయిన డోపమైన్ ఇలాగే నాడీకణంలోకి తిరిగొస్తుంది. సోడియం బయట ఎక్కువ, లోపల తక్కువ. అది లోపలికి తోసుకొస్తూ డోపమైన్‌నీ లాక్కొస్తుంది. ఆ సోడియాన్ని మళ్లీ బయటికి తోడే పంపుని 1957లో స్కౌ గుర్తించాడు. పంపు నడిచేది ఏటీపీతో. దాన్ని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు విడివిడిగా కనుక్కున్నారు.

2013లో అరవింద్ పెన్మెత్స, గౌవో బృందం పండు ఈగ డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ ఆకారం చూపించింది. నార్‌ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందు లాకు మధ్యలో ఇరుక్కుని తలుపు కదలనివ్వలేదు. చాలా డిప్రెషన్ మందులు చేసేది ఇలాంటి పనే. డాక్టర్ రాస్తే వాడటానికి సిగ్గెందుకు?