రీస్టార్ట్ కొట్టినా లేవలేదు

2024 జులై 19, శుక్రవారం. ముందురోజే తెలంగాణ ప్రభుత్వం లక్ష రూపాయల లోపు పంట రుణాల మాఫీ మొదలుపెట్టింది. తొలి విడతలో 11 లక్షలకు పైగా ఖాతాల్లో 6 వేల కోట్లకు పైగా జమ అయింది. ముఖ్యమంత్రి గెలిచిన కొడంగల్ వికారాబాద్ జిల్లాలోదే. అదే జిల్లాలోని తాండూరులో ఆ పొద్దున రైతు ధ్యాస పాసుబుక్కు మీద ఉండడం సహజం. వాడి జంక్షన్ మీదుగా వచ్చే రైళ్లు తాండూరు, వికారాబాద్ దాటి హైదరాబాద్ వైపు ఎప్పటిలాగే పోతున్నాయి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో అప్పుడప్పుడే కంప్యూటర్లు ఆన్ చేస్తున్నారు.

సరిగ్గా 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ భద్రతా సంస్థ తన ఖాతాదారుల కంప్యూటర్లకు ఒక చిన్న ఫైలు పంపింది. ఆ సంస్థ కేంద్ర కార్యాలయం ఉన్న టెక్సాస్‌లో అప్పుడు రాత్రి 11 దాటింది. అక్కడ నిద్రపోయే వేళ, ఇక్కడ పని మొదలయ్యే వేళ.

ఫైలు లోపలికి రావడానికి ఎవరినీ అనుమతి అడగలేదు. అడగాల్సిన అవసరమే లేదు. ఆ భద్రతా ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేసిన రోజే అన్ని తలుపులూ తెరిచి ఇచ్చేశారు. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది. ఇది మాత్రం విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో కూర్చుని పనిచేస్తుంది. అక్కడ తప్పు జరిగితే కంప్యూటర్ మొత్తం ఆగిపోవాల్సిందే.

తప్పు చాలా చిన్నది. కొత్త ఫైలు 21వ విలువ కోసం చూసింది. ప్రోగ్రామ్ అందించేది 20 మాత్రమే. లేని ఇరవై ఒకటో విలువ కోసం తనది కాని మెమరీలోకి చెయ్యి పెట్టింది. తెర నీలమైంది. కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అయింది. లేస్తూనే ఆ భద్రతా ప్రోగ్రామ్ అన్నిటికంటే ముందు మేల్కొని, అదే ఫైలు చదివింది. మళ్లీ నీలం. మళ్లీ రీస్టార్ట్. కావలివాడే గుమ్మంలో స్పృహతప్పి పడిపోతే ఇంటివాళ్లు కూడా లోపలికి వెళ్లలేని పరిస్థితి.

శంషాబాద్ విమానాశ్రయంలో చెక్-ఇన్ తెరలు మొరాయించాయి. వరసలు పెరిగాయి. సిబ్బంది పెన్నులు తీశారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడొకరు తనకు చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటోను సోషల్ మీడియాలో పెట్టాడు. పేరు, విమానం నంబరు, సీటు అన్నీ బాల్‌పెన్ను రాతే. గంటల్లో అది దేశమంతా తిరిగింది. ఆ రోజు ఇండిగో ఒక్కటే దాదాపు 200 విమానాలు రద్దు చేసింది. విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు బాధ్యతలు తీసుకుని అప్పటికి నెల రోజులు దాటిందంతే. మర్నాడు తెల్లవారుజామున 3 గంటల నుంచి వ్యవస్థలు మామూలుగా పనిచేస్తున్నాయని ఆయన ప్రకటించే దాకా దేశంలోని విమానాశ్రయాలకు స్థిమితం లేదు. జులై 19 వేకువన మైక్రోసాఫ్ట్ అమెరికా క్లౌడ్ కేంద్రంలో వేరే అంతరాయం కూడా వచ్చింది. దాంతో ఏ నష్టం దేనివల్లో వెంటనే తేల్చడం కష్టమైంది.

మన వికారాబాద్ జిల్లా వరకు దెబ్బ తగల్లేదనే చెప్పాలి. రైల్వే టికెట్ వ్యవస్థ నడిచింది. జాతీయ సమాచార కేంద్రం నెట్‌వర్క్‌కు ఏమీ కాలేదని కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పారు. దేశం మొత్తం మీద 10 బ్యాంకులు, ఆర్థిక సంస్థల్లోనే స్వల్ప ఇబ్బంది వచ్చిందని రిజర్వ్ బ్యాంకు తేల్చింది. రుణమాఫీ సొమ్ము పడిన మర్నాడు బ్యాంకు తెరలన్నీ నీలమైపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

క్రౌడ్‌స్ట్రైక్ వాళ్లు ఆ పొద్దున 10 గంటల 57 నిమిషాలకే ఫైలును వెనక్కి తీసుకున్నారు. మొత్తం 78 నిమిషాలు. కానీ అప్పటికే పడిపోయిన యంత్రానికి ఆ సవరణ చేరడం కష్టం. లేస్తేనే కదా నెట్‌కు తగులుకునేది! మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అలా పడిపోయినవి 85 లక్షలు. లెక్కకు ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో ఒక శాతం కూడా కాదు. అయితే అవి ఉన్నది విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో. చాలాచోట్ల ఒక్కో యంత్రం దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, 291 నంబరున్న ఆ ఫైలును వెతికి తీసేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు దాచిన సర్వరు కూడా పడిపోయిన చోట పరిస్థితి చెప్పనక్కర్లేదు. 97 శాతం యంత్రాలు తిరిగి లేచేసరికి జులై 25 వచ్చింది.

ఇంత పెద్ద సంఘటనకు మూలం మనం రోజూ చూసేదే. ఇన్‌స్టాలర్‌కు ఎంత హక్కు ఇస్తున్నాం, మార్పు చేశాక యంత్రాన్ని, అందులోని ప్రోగ్రాములను అది తిరిగి ఎలా లేపుతోంది అన్న రెండు ప్రశ్నలే. ఈ బాధ వికారాబాద్, తాండూరు వీధుల్లో మీసేవ, డీటీపీ సెంటర్లు నడిపేవాళ్లకు కొత్త కాదు. ఈ మాటలు ఏ సెంటర్‌లోనైనా వినబడేవే:

"అన్నా, నిన్న నువ్వు ఎక్కించినప్పుడు మంచిగనే నడిచింది గదా. ఇయ్యాల తెరిస్తే మొత్తం కొత్తగా అడుగుతున్నది."

"నిన్న అడ్మిన్ పాస్‌వర్డ్ నాది కొట్టిన తమ్మీ. సెట్టింగులన్నీ నా పేరు మీద పోయినట్టున్నయి."

సరిగ్గా అదే జరుగుతుంది. వేలిముద్ర యంత్రానికి డ్రైవర్ ఎక్కించాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలి. ఆపరేటర్ ఖాతాకు అది ఉండదు. టెక్నీషియన్ తన పాస్‌వర్డ్ కొడతాడు. ఇన్‌స్టాలర్ పని ముగించి, అదే పెద్ద హక్కుతో ప్రోగ్రామ్‌ను తెరిచేస్తుంది. సెట్టింగులు టెక్నీషియన్ ఖాతాలో పడతాయి. మర్నాడు ఆపరేటర్‌కు ఏమీ కనబడదు. ఇన్‌స్టాలర్ రాసినవాడు చివర్లో ప్రోగ్రామ్‌ను కూర్చున్న మనిషి హక్కులతోనే తెరిచి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. రాసినవాడు తన సొంత కంప్యూటర్‌లో, అడ్మిన్ ఖాతాలోనే పరీక్షించి పంపేశాడు కాబట్టే వచ్చింది.

పెళ్లి కార్డులు వేసే డీటీపీ వాళ్ల కష్టం ఇంకో రకం. పేజ్‌మేకర్ పెద్ద హక్కులతో, తెలుగు కీబోర్డు ప్రోగ్రామ్ మామూలు హక్కులతో తెరుచుకుంటే తెలుగు అక్షరం పడదు, ఇంగ్లిషే పడుతుంది. చిన్న హక్కున్న ప్రోగ్రామ్ పెద్ద హక్కున్న దాని కీస్ట్రోకులను తాకకూడదని 2007లో వచ్చిన విస్టా నుంచి విండోస్ పెట్టుకున్న కట్టుబాటు అది. దొంగ ప్రోగ్రాములను ఆపడానికి పెట్టిన మంచి కట్టుబాటే. మనవాళ్లు మాత్రం విసిగిపోయి అన్నిటికీ అడ్మినిస్ట్రేటర్ హక్కు ఇచ్చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేను. ముహూర్తం దగ్గరపడిన పెళ్లివారు ఎదురుగా కూర్చుంటే ఎవరైనా అదే చేస్తారు. తప్పు ఆ అవసరాన్ని ముందే ఊహించని తయారీదారుది.

రీస్టార్ట్ సంగతీ అంతే. వాడుకలో ఉన్న ఫైలును మార్చడానికి విండోస్ ఒప్పుకోదు. అందుకే ఇన్‌స్టాలర్లు రీస్టార్ట్ అడుగుతాయి. ఆ ఫైలును ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో కనిపెట్టి, దాన్నొక్కదాన్నే మూసి, పని అయ్యాక తిరిగి తెరిచే రీస్టార్ట్ మేనేజర్ విస్టాలోనే వచ్చింది. అది వాడుకున్నవాళ్లు వినియోగదారుడి సగం నింపిన దరఖాస్తును కాపాడతారు. వాడుకోనివాళ్లు అర్జీదారుల వరస ఉండగానే యంత్రాన్ని ఆపేస్తారు.

జులై 19 లాంటిది అంతకు ముందూ జరిగింది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని ముఖ్యమైన ఫైలునే వైరస్ అనుకుని తీసేసింది. కంప్యూటర్లు ఇలాగే ఆగకుండా రీస్టార్ట్ అయ్యాయి. పద్నాలుగేళ్ల తర్వాతా అదే కథ ఇంకా పెద్దగా జరిగిందంటే పరిశ్రమ నేర్చుకున్నది తక్కువే. ముందు కొద్ది యంత్రాలకు పంపి, అవి లేచాయో లేదో చూసి మిగతావాటికి పంపే పద్ధతిని ఆ రకం ఫైళ్లకు క్రౌడ్‌స్ట్రైక్ అప్పటిదాకా పాటించలేదు. దెబ్బ తిన్నాకే మొదలుపెట్టింది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ కూడా, లేవలేని యంత్రాన్ని దూరం నుంచే సరిచేసే ఏర్పాటును 2024 నవంబర్‌లో ప్రకటించింది.

ఆ ఏర్పాటు ప్రతి సెంటర్‌కూ చేరేదాకా మన జాగ్రత్త మనదే. మీ సెంటర్‌లో నాలుగు కంప్యూటర్లుంటే కొత్త అప్‌డేట్‌ను ముందు ఒక్కదాంట్లోనే పెట్టండి. రోజువారీ పనికి అడ్మిన్ ఖాతా వాడకండి. బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలనూ ఈ వారమే కాగితం మీద రాసి, కంప్యూటర్‌కు దూరంగా, తాళం వేసిన బీరువాలో పెట్టండి.