మామిడిచెట్టు గుర్తు: ఫిజీ చెరకు పొలాల్లో పుట్టిన ఒక పార్టీ కథ

జీడిమెట్ల పారిశ్రామికవాడ ఉన్న కుత్బుల్లాపూర్ నియోజకవర్గంలో 2023 శాసనసభ ఎన్నికల నాటికి ఓటర్లు 7 లక్షలకు కాస్త అటూ ఇటూ. అంతకు ఏడాది ముందు ఫిజీ దేశం మొత్తానికి నమోదైన ఓటర్లు 6,93,915. ఇక్కడ ఒక్క ఎమ్మెల్యేను ఎన్నుకునేంత మంది అక్కడ 55 మంది సభ్యుల పార్లమెంటును ఎన్నుకుంటారు. అంత చిన్న చోట ఒక పార్టీ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఎక్కడ దెబ్బతిన్నది అనేది దాదాపు ఓటు ఓటుకూ లెక్క తీసి చూడొచ్చు.

జీడిమెట్లతో పోలిక అంకెలతోనే ఆగదు. షాపూర్‌నగర్, చింతల్, సూరారం గల్లీల్లో అద్దె గదుల్లో ఉంటూ ఫ్యాక్టరీలకు షిఫ్టులకు వెళ్లేవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు ఎందరో. పని ఇక్కడ, పుట్టిన ఊరు అక్కడ. మరి వీళ్ల తరఫున మాట్లాడేది ఎవరు? నూట ఇరవై ఏళ్ల కింద విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కిన కూలీల ముందు కూడా ఇదే ప్రశ్న నిలిచింది. దానికి జవాబుగా పుట్టినదే ఫిజీలోని నేషనల్ ఫెడరేషన్ పార్టీ. దాని గుర్తు మామిడిచెట్టు.

1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి కూలీలను ఫిజీ తీరానికి చేర్చింది. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. 1916 వరకు దాదాపు 60 వేల మంది వెళ్లారు, వారిలో సుమారు 15 వేల మంది దక్షిణాది వాళ్లు. అయిదేళ్ల ఒప్పందపత్రంపై వేలిముద్ర వేయాలి. ఆ 'అగ్రిమెంటు' కూలీల నోట నలిగి 'గిర్మిట్' అయింది, వాళ్లు 'గిర్మిటియా'లయ్యారు. గడువు తీరాక ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ పదేసి ఎకరాల ముక్కలను వారికి కౌలుకిచ్చింది. పండించేది రైతు. తూకం, ధర, మిల్లు కంపెనీవి. భూమిలో అత్యధిక భాగం ఫిజీ ఆదివాసీ తెగల ఉమ్మడి ఆస్తి, అమ్మకానికి వీల్లేనిది. చెమటోడ్చి చెరకు పండించేవాడికి కాళ్ల కింద నేల మాత్రం సొంతం కాదు. పార్టీ చరిత్ర మొత్తానికి వేరు ఇక్కడ ఉంది.

తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు కలిసి 1926లో నాదీ పట్టణంలో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘం పెట్టుకున్నారు. బడులు కట్టారు. 1941లో తెలుగువాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం స్థాపించుకున్నారు. అదే ఏడాది రామకృష్ణ మిషన్ సన్యాసి స్వామి రుద్రానంద, గుజరాతీ న్యాయవాది ఎ.డి. పటేల్ కలిసి మహాసంఘ్ అనే చెరకు రైతు సంఘాన్ని నిలబెట్టారు. దాని బలగం ముఖ్యంగా దక్షిణాది రైతులే. అయోధ్యా ప్రసాద్ నడిపిన కిసాన్ సంఘ్‌ది ఉత్తరాది రైతుల వైపు మొగ్గు. పార్టీ పుట్టక ముందే దాన్ని చీల్చగల పగుళ్లు ఉన్నాయన్న సంగతి ఈ రెండు సంఘాల పోటీ చూస్తేనే తెలుస్తుంది.

1960లో చెరకు ఒప్పందంపై తగువు ముదిరింది. ఒక పక్షం కంపెనీతో రాజీపడింది. పటేల్, ఎస్.ఎం. కోయల పక్షం పడలేదు. రాజీపడని పక్షమే 1963 ఎన్నికల్లో సిటిజన్స్ ఫెడరేషన్ పేరుతో నిలబడి, 1964 జూన్‌లో ఫెడరేషన్ పార్టీగా మారింది. పొలం గట్టు మీది తగువు శాసనసభకెక్కింది. అయితే పటేల్ కోరింది చెరకు ధర ఒక్కటే కాదు. భారతీయులకు వేరే జాబితా, ఫిజియన్లకు వేరే జాబితా, తెల్లవాళ్లకు వేరే జాబితా అన్న పద్ధతి పోవాలనీ, దేశమంతటికీ ఒకే ఓటర్ల జాబితా ఉండాలనీ ఆయన పట్టు. 1967లో పార్టీ సభ్యులు సభ నుంచి వాకౌట్ చేసి సీట్లు వదులుకున్నారు. 1968 ఉప ఎన్నికల్లో తొమ్మిది సీట్లూ మరింత మెజారిటీతో తిరిగి గెలిచారు. పార్టీకి అది ఉచ్చదశ. ఆదివాసీ ఫిజియన్లకు మాత్రం ఒకే జాబితా అంటే భయమే కలిగింది. 1966 జనాభా లెక్కల్లో భారతీయులు సగానికి పైనే ఉన్నారు మరి.

1969లో ధర తగువును తేల్చడానికి ఇంగ్లండు నుంచి ప్రఖ్యాత న్యాయమూర్తి లార్డ్ డెనింగ్ వచ్చారు. పటేల్ రైతుల తరఫున వాదించి, తీర్పు వినకుండానే ఆ అక్టోబరు 1న కన్నుమూశారు. 1970 మొదట్లో వచ్చిన తీర్పు రాబడిలో 65 శాతం రైతుకు, 35 శాతం మిల్లుకు అంది. కంపెనీ ఆ షరతులపై వ్యాపారం చేయలేనంటూ 1973లో దేశం విడిచిపోయింది. పార్టీ చరిత్రలో రైతుకు దక్కిన అతి పెద్ద లాభం ఇదే. అధికారంలో ఒక్క రోజు కూడా లేకుండా సాధించింది.

అధికారం గుమ్మం దాకా వచ్చినప్పుడు మాత్రం కాలు తడబడింది. 1977 ఏప్రిల్‌లో 52 సీట్లలో పార్టీకి 26, రాతు మారా నాయకత్వంలోని అలయన్స్ పార్టీకి 24. సకియాసి బుటాద్రోకా అనే ఫిజియన్ జాతీయవాది అలయన్స్ ఓట్లకు గండి కొట్టడం వల్ల వచ్చిన గెలుపది. అలాంటి గెలుపును ఆ రాత్రే గట్టిగా పట్టుకోవాలి. నాయకులు అలా చేయలేదు. పార్టీ నాయకుడు కోయ ప్రధాని కావడానికి ఫిజియన్లు ఒప్పుకుంటారా, ఏ శాఖ ఎవరికి అన్న బేరసారాల్లో రోజులు గడిచాయి. ఏప్రిల్ 7న గవర్నర్ జనరల్ రాతు జార్జ్ దకోంబావు మళ్లీ మారానే ప్రధానిగా నియమించారు. గవర్నర్ జనరల్ నిర్ణయంపై ఎన్ని విమర్శలైనా చేయొచ్చు. ఆయనకు ఆ వ్యవధి దొరికేలా చేసింది పార్టీయే.

సెప్టెంబరులో మళ్లీ ఎన్నికలు. అప్పటికి పార్టీ రెండు ముక్కలు. ఒకరిది పువ్వు గుర్తు, మరొకరిది పావురం గుర్తు. పువ్వుకు 12, పావురానికి 3. అయిదు నెలల కింద 26 గెలిచిన పార్టీకి ఇప్పుడు దక్కింది 15. లౌటోకాలో కోయను ఓడించిన పువ్వు వర్గం అభ్యర్థి పేరు జైరామ్ రెడ్డి.

1937లో లౌటోకాలో, దక్షిణ భారత మూలాలున్న కుటుంబంలో పుట్టిన ఈ న్యాయవాది మరో ఇరవై ఏళ్లకు పైగా పార్టీకి పెద్దదిక్కయ్యారు. 1983లో స్పీకర్ తొమాసి వకతోరాతో మర్యాద విషయంలో తగవుపడి సభ నుంచి వెళ్లిపోయి, మరుసటి ఏడాది నాయకత్వం కూడా వదులుకున్నారు. 1985లో లేబర్ పార్టీ పుట్టింది. దానితో పొత్తు పెట్టుకుని 1987 ఏప్రిల్‌లో 28 సీట్లతో నెగ్గారు. తిమోచి బవాద్రా ప్రధాని, రెడ్డి అటార్నీ జనరల్. ఆ ప్రభుత్వం ఒక నెల నిలిచింది. మే 14న లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రంబుకా సైనికులతో పార్లమెంటులోకి చొరబడ్డాడు. లియోనిడాస్ ఓడ వచ్చింది కూడా మే 14నే, సరిగ్గా 108 ఏళ్ల ముందు.

పార్టీని కూల్చింది ఈ సైనిక కుట్రేనని చెప్పడం తేలిక. అంకెలు ఒప్పుకోవు. 1992లో పార్టీకి 14 సీట్లు, 1994లో 20, లేబర్‌కు 7. కుట్ర తర్వాత పార్టీ తిరిగి లేచింది. పడింది మరో అయిదేళ్లకు. అదీ తుపాకీ వల్ల కాదు, బ్యాలెట్ వల్ల.

1990ల నడుమ రాజ్యాంగ సవరణకు న్యూజిలాండ్ మాజీ గవర్నర్ జనరల్ పాల్ రీవ్స్ అధ్యక్షతన సంఘం వేశారు. సభ్యుల్లో ఒకరు ఆ వకతోరాయే, మరొకరు గిర్మిటియా మనవడైన చరిత్రకారుడు బ్రిజ్ లాల్. అప్పటికి రాజకీయ నాయకుడైన తన పాత శత్రువు రంబుకాతో రెడ్డి కూర్చుని మాట్లాడి 1997 రాజ్యాంగాన్ని తేవడంలో ప్రధాన పాత్ర వహించారు. అదే ఏడాది జూన్‌లో ఫిజీ తెగల పెద్దల మహాసభలో ప్రసంగించారు. అక్కడ మాట్లాడిన మొదటి భారత సంతతి నాయకుడు ఆయనే. తర్వాతి మెట్టుగా 1999 ఎన్నికల్లో రంబుకా పార్టీతో పొత్తు కుదుర్చుకున్నారు.

కొత్త ఓటు పద్ధతిని దగ్గరగా చూస్తే తప్ప జరిగింది అర్థం కాదు. బ్యాలెట్ పత్రం మధ్యలో ఒక గీత. గీత కింద అభ్యర్థులందరికీ 1, 2, 3 అని వరసగా అంకెలు వేయాలి. గీత పైన అయితే పార్టీ గుర్తు పక్కన ఒక టిక్కు చాలు, మిగతా వరస ఆ పార్టీ ముందే ఇచ్చిన జాబితా ప్రకారం పోతుంది. అత్యధికులు పైన టిక్కు పెట్టి వచ్చేశారు. ఎవరికీ సగానికి మించి రాని చోట చివరివాణ్ణి తప్పించి అతని ఓట్లు తర్వాతి వరసకు బదిలీ చేస్తారు. మధ్యస్థులు గెలవాలన్నది ఉద్దేశం. కానీ భారతీయులకు కేటాయించిన 19 సీట్లలోనూ లేబర్ పార్టీయే నెగ్గింది. నేషనల్ ఫెడరేషన్ పార్టీకి భారతీయ ఓట్లలో మూడో వంతుకు దగ్గరగా వచ్చాయి. దామాషా లెక్కన ఆరు సీట్లు రావాలి. వచ్చింది సున్నా. రెడ్డి కూడా ఓడిపోయారు. లేబర్‌కు 71లో 37, మహేంద్ర చౌదరి ప్రధాని.

ఊళ్లలో జనం ఆలోచన వేరేగా ఉంది. 1997 నుంచి కౌలు గడువులు వరసగా తీరుతున్నాయి. తాతల నాటి చెట్లూ ఇల్లూ వదిలి పోవాల్సిన రైతుకు, తనపై తుపాకీ ఎత్తిన మనిషితో తన పార్టీ పొత్తు ఎందుకో ఎవరూ ఇంటికొచ్చి విడమరిచి చెప్పలేదు. రెడ్డి వేసిన అడుగు సరైనదే. కానీ అది పెద్దల మధ్య కుదిరిన ఒప్పందంగా మిగిలింది, చెరకు పొలంలోకి దిగలేదు. పార్టీ పుట్టింది ఆ పొలంలోనే.

2000 మే 19న మరో కుట్ర జరిగింది. చౌదరి 56 రోజులు బందీగా ఉన్నారు. భారతీయుల వలస పెరిగి, 2007 నాటికి జనాభాలో వారి వాటా 37.5 శాతానికి తగ్గింది. రెడ్డి 2003 నుంచి టాంజానియాలోని అరూషాలో, రువాండా మారణహోమంపై విచారణ జరిపిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో న్యాయమూర్తిగా పనిచేశారు.

జాతుల జాబితాలు ఎత్తేసి అందరికీ ఒకే జాబితా పెట్టింది 2013 రాజ్యాంగం. పటేల్ అర్ధశతాబ్దం కింద అడిగినది అదే. ఆ జాబితా మీద 2014లోనూ 2018లోనూ పార్టీకి మూడేసి సీట్లు, 2022 డిసెంబరులో అయిదు. ఆ అయిదు సీట్ల మద్దతుతో ప్రధాని అయింది రంబుకా. పార్టీ నాయకుడు బీమన్ ప్రసాద్ ఆర్థికమంత్రి అయ్యారు. జైరామ్ రెడ్డి అంతకు నాలుగు నెలల ముందు, ఆగస్టులో మరణించారు.