దేనిలో శాతం?

ఎలక్ట్రానిక్ సరుకులో విషాల పరీక్ష అనగానే అందరూ పెద్ద యంత్రాన్ని ఊహించుకుంటారు. నా బల్ల మీద ముందు కనిపించేవి పట్టకారు, బ్లేడు, చిన్న ఆకురాయి. నేను చర్లపల్లి పారిశ్రామికవాడ పక్కన ఒక ల్యాబులో కెమిస్టుని. ఛార్జరు వస్తే ముందు విప్పుతాను. మరలు ఒక గిన్నెలోకి, వైరు తొడుగు ఇంకో గిన్నెలోకి, లోపలి రాగి వేరే, టంకం చుక్కలు వేరే. ఈ విడదీత ఎప్పుడు ఎలా తప్పనిసరైందన్నదే మా వృత్తి చరిత్ర.

2001 చివర్లో నెదర్లాండ్స్ అధికారులు సుమారు 13 లక్షల సోనీ ప్లేస్టేషన్లను ఆపేశారు. కేబుళ్లలో కాడ్మియం ఆ దేశం పెట్టిన హద్దు దాటింది. దాంతో సోనీ తన సరఫరాదారులను తనిఖీ చేసి ఆమోదించే పద్ధతి పెట్టుకుంది. వైరు అమ్మినవాణ్నే కాదు, వాడికి ప్లాస్టిక్ అమ్మినవాణ్నీ అడగాల్సిన రోజులు వచ్చాయి.

2003లో యూరోపియన్ యూనియన్ 'రోహ్స్' చట్టం తెచ్చింది. సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావేలెంట్ క్రోమియం, ప్లాస్టిక్‌కు త్వరగా నిప్పంటుకోకుండా కలిపే రెండు రకాల బ్రోమిన్ సమ్మేళనాలు: మొత్తం ఆరు. అమలు 2006 జులై 1 నుంచి. ఎంత ఉంటే తప్పో తేల్చే అంకెలు మాత్రం 2005 ఆగస్టులో గానీ రాలేదు. కాడ్మియం 0.01 శాతం, మిగతావి 0.1 శాతం. తయారీదారులకు ఏడాది గడువైనా మిగల్లేదు.

అంకెల వెనక ఒక షరతు ఉంది. ఆ శాతాన్ని వస్తువు మొత్తం బరువు మీద కాకుండా, విప్పి, కోసి, నూరి, అరగదీసినా ఇక వేరు చేయలేని ఒక్కో పదార్థం బరువు మీద లెక్కగట్టాలి. ఒక మర మీద 10 మిల్లీగ్రాముల కాడ్మియం పూత ఉందనుకోండి. కిలో బరువున్న వస్తువుతో భాగిస్తే 0.001 శాతం, హద్దులో పదో వంతు. పూతతోనే భాగిస్తే దాదాపు నూరు శాతం. విషాన్ని చెరువులో కలవనివ్వకుండా చెంబులోనే పట్టుకోవాలన్నారన్నమాట. మా పని పుట్టింది ఈ భాగహారంలోంచే. సీఎఫ్ఎల్ బల్బులకు లెక్క మార్చారు: శాతం లేదు, బల్బుకు 5 మిల్లీగ్రాముల పాదరసం దాకా సరే అన్నారు. పాదరసం ఆవిరి లేనిదే ఆ దీపం వెలగదు మరి.

ఇక యంత్రం సంగతి. ఎక్స్ఆర్ఎఫ్ ఎక్స్‌రే వేసి ఏ మూలకాలున్నాయో నిమిషాల్లో చెబుతుంది. క్రోమియం ఉందంటుంది గానీ అది స్టీలులో ఉండే మామూలు క్రోమియమో, పూతలోని ప్రమాదకరమైనదో చెప్పలేదు. బ్రోమిన్‌దీ ఇదే తంతు. 2008లో వచ్చిన ఐఈసీ 62321 ప్రమాణం అందుకే పరీక్షను అంచెలు చేసింది. ముందు ఎక్స్ఆర్ఎఫ్‌తో జల్లెడ, అనుమానం మిగిలితే రసాయన పరీక్ష. క్రోమియం విషయంలోనైతే పూతను నీళ్లలో మరిగించి డైఫినైల్ కార్బజైడ్ కలుపుతాం. ఊదారంగు తిరిగితే దొంగ దొరికినట్టే. బ్రోమిన్ ఏ సమ్మేళనంలో ఉందో తేల్చడానికి జీసీ-ఎంఎస్ అనే ఇంకో యంత్రం.

మన దేశంలో ఈ-వ్యర్థాల నిబంధనలు 2012 మే 1న మొదలయ్యాయి. ఈ పదార్థాల హద్దులకు రెండేళ్ల గడువిచ్చి 2014 మే 1 నుంచి పట్టుబట్టారు. చర్లపల్లిలోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్‌లోనూ ఈ పరీక్షలు చేస్తారు. బోర్డులు చేసే చిన్న యూనిట్లకు అసలు తలనొప్పి టంకమే. తగరం 63, సీసం 37 పాళ్ల పాత టంకం 183 డిగ్రీలకే కరిగి తళతళలాడేది. తగరం, వెండి, రాగి కలిసిన కొత్తది 217 దాకా కరగదు, అతుకు మసకగా కనిపిస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లే "ఇది పట్టలేదు" అని మళ్లీ ఐరన్ పెట్టేవారు.

ఒకాయన బోర్డు తెచ్చి అడిగాడు: "మేడం, ముక్కలు ముక్కలుగా ఎందుకు? మొత్తం పొడి చేసి ఒక్కసారి చూసేయండి. ఖర్చు కలిసొస్తుంది."

"పొడి చేస్తే మీ డబ్బూ మిగులుతుంది, అందులో సీసమూ మిగులుతుంది" అన్నాను.

మా రిపోర్టులో ఫలితం పక్కనే ఏ ముక్కను తూచామో రాసి, బాణం గుర్తుతో ఫొటో పెడతాం. చాలామంది 'పాస్' చూసి కాగితం మడిచేస్తారు. ముందు చూడాల్సింది ఆ ఫొటో.