పొగలో కాల్చిన బంగాళాదుంప

అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్ వంటి దక్షిణాది రాష్ట్రాల్లో, ఇంటి పెరట్లో మాంసంతో పాటు స్మోకర్‌లో పెట్టి నిదానంగా కాల్చే దుంప. స్మోకర్ అంటే మంట నేరుగా తగలకుండా, మూత వేసి, కట్టె పొగతో వండే పొయ్యి. పిండి ఎక్కువగా ఉండే రస్సెట్ రకం దీనికి తగినది. ఎర్రతొక్క దుంపలు లోపల ముద్దగానే ఉంటాయి.

దుంపను కడిగి, తడి లేకుండా తుడిచి, ఫోర్కుతో పొడిచి, నూనె, కల్లుప్పు పట్టిస్తారు. 110–120 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండు మూడు గంటలు, పెద్ద దుంపకు ఇంకాస్త ఎక్కువ పడుతుంది. లోపలి వేడి 96–99 డిగ్రీలకు చేరితే పిండి రేణువులు ఉబ్బి గుజ్జు పొడిపొడిగా విడుతుంది. తొక్క కరకరలాడాలంటే చివర్లో వేడి పెంచాలి. పొగ వాసన చాలావరకు తొక్కకే పడుతుంది కాబట్టి, వలిచి తినేవారికి ఇంత శ్రమ దండగే.

అల్యూమినియం రేకు చుడితే పొగ తగలదు, తొక్క మెత్తబడుతుంది. ఆ రేకుతోనే బయట వదిలేస్తే గాలి ఆడని తేమలో బొట్యులిజం అనే జబ్బు తెచ్చే విషం పుట్టవచ్చు. 1994లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో, రేకు చుట్టి కాల్చి అలాగే నిలవ ఉంచిన దుంపలతో చేసిన నంజుకునే ముద్ద తిని 30 మంది జబ్బుపడ్డారు. మిగిలిన దుంపలను రేకు విప్పి ఫ్రిజ్‌లో పెట్టాలి.