బైకుల్లా వంటిళ్లలో తిష్రీ నెల

బొంబాయిలోని బైకుల్లా చరిత్ర రాసేవాళ్లు యూదుల ప్రస్తావన రాగానే డేవిడ్ ససూన్ పేరెత్తుతారు. 1860ల్లో ఆయన కట్టించిన మాగెన్ డేవిడ్ ప్రార్థనా మందిరాన్నీ, దాని గడియారపు గోపురాన్నీ వర్ణించి ముందుకు సాగిపోతారు. ససూన్లు బాగ్దాద్ నుంచి వచ్చిన సంపన్నులు. మిల్లులు, రేవు, బడులు, గ్రంథాలయం కట్టించారు కాబట్టి వాళ్ల చరిత్రకు శిలాఫలకాల సాక్ష్యం దండిగా ఉంది. కానీ బొంబాయి యూదుల్లో ఎక్కువమంది వాళ్లు కాదు. కొంకణ తీరపు పల్లెల నుంచి వచ్చి, ఇంట్లో మరాఠీ మాట్లాడుతూ, కేహీంకర్, దివేకర్, పేణ్‌కర్, రోహేకర్ అని ఊరి పేర్లనే ఇంటిపేర్లుగా పెట్టుకున్న బెనే ఇజ్రాయేల్ కుటుంబాలే ఎక్కువ. మొదట మస్జిద్ బందర్ దగ్గరి ఇజ్రాయేల్ మొహల్లాలో, తర్వాత ఉమర్‌ఖాడీ, మజ్‌గావ్, బైకుల్లా, ఆగ్రీపాడా చాళ్లలో వీళ్లు కాపురాలు పెట్టారు. కామాఠీపురాకు ఆ పేరు తెచ్చిన మన తెలుగు కూలీలకు వీళ్లు కూతవేటు దూరపు ఇరుగుపొరుగు. వీళ్ల చరిత్రకు మంచి ఆధారం మందిరాల గోడల మీద కంటే, శరదృతువులో వచ్చే యూదుల తిష్రీ నెలలో ఇంట్లో ఏ రోజు ఏం చేసేవారన్న వివరంలోనే దొరుకుతుందని నా వాదన.

అందరూ చెప్పుకునే కథ వేరు. ఆ కథ ప్రకారం వీళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచో ఓడలో వస్తుంటే అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ తీరంలో ఓడ పగిలింది. ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ఒడ్డున పడ్డారు. పుస్తకాలన్నీ సముద్రం పాలయ్యాయి. గానుగాడుతూ బతికిన వాళ్ల సంతతి మతాన్ని మరిచిపోయింది. శనివారం గానుగ కట్టరు కాబట్టి ఊళ్లోవాళ్లు ‘శనివార్ తేలీ’ అని పిలిచేవారు. తర్వాత డేవిడ్ రహబీ అనే యూదుడు వచ్చి, ఆడవాళ్ల ముందు రకరకాల చేపలు పెట్టించాడు. పొలుసూ రెక్కలూ ఉన్నవాటినే వాళ్లు ఏరుకోవడం చూసి తనవాళ్లేనని గుర్తుపట్టి, మూడు కుటుంబాలవాళ్లకు చదువు చెప్పి కాజీలుగా నిలబెట్టాడు. ఆపైన కొచ్చిన్ నుంచి గురువులూ, 1829లో బొంబాయి చేరిన జాన్ విల్సన్ లాంటి స్కాట్లండ్ మిషనరీలూ వచ్చి హీబ్రూ నేర్పారు. మొత్తం మీద తేలేదేమంటే, మరిచినవాళ్లకు బయటివాళ్లు వచ్చి గుర్తుచేశారని. ఈ కథకు ఊతమిచ్చే రాతలు లేకపోలేదు. 1738లో ఒక డేనిష్ మిషనరీ, 1768లో కొచ్చిన్‌లోని డచ్చివారి వర్తకుడు ఎజెకీల్ రహబీ రాసిన ఉత్తరాల్లో దాదాపు ఒకే మాట ఉంది: వీళ్లకు దేవుడు ఒక్కడేనని చాటే షెమా ప్రార్థన, శనివారపు విశ్రాంతి తప్ప ఇంచుమించు ఏమీ తెలియదని. అయితే ఆ ఇద్దరూ వెతికింది పుస్తకజ్ఞానం. అది లేదని రాశారు, నిజమే రాశారు. ఇంటి లోపలి సంగతి వాళ్లు వాకబు చేయలేదు.

ఇంటి లోపలి సంగతి తెలియాలంటే హయీమ్ సామ్యూల్ కేహీంకర్ రాసిన చరిత్ర చూడాలి. ఆయన ఈ పేటల మనిషే. 1875లో ఇజ్రాయేలైట్ పాఠశాల స్థాపించాడు. ఇప్పుడు మజ్‌గావ్‌లో ఎల్లీ కదూరీ పేరుతో ఉన్నది అదే. 1897లో ఆయన రాసిన పుస్తకం 1937లో గాని టెల్ అవీవ్‌లో అచ్చు కాలేదు. 1883 నాటి కొలాబా జిల్లా గెజెటీర్‌లోనూ వీళ్ల గురించి రాసి ఉంది. వీటిని బట్టి పాతకాలపు తిష్రీ నెల ఇలా నడిచేది. అమావాస్య దాటిన మొదటి రోజు కొత్త సంవత్సరం, ‘నవ్యాచా సణ్’. ఒక్క రోజే. నాలుగో రోజు ‘ఖీరిచా సణ్’: కొబ్బరిపాలూ తీపీ కలిపి ఖీర్ వండి, సాంబ్రాణి ధూపం వేసి, షెమా చెప్పుకుని ఇంటిల్లిపాదీ తినేవారు. పదో రోజు ‘దార్‌ఫాళ్నిచా సణ్’, అంటే తలుపు మూసుకునే పండగ. మిగతా ప్రపంచపు యూదులు యోమ్ కిప్పూర్ అనే ఉపవాస దినం అదే. కడుపులో మెతుకు పడకుండా, తెల్లబట్టలు కట్టుకుని, బయటివాళ్ల పొడ తగలకుండా ఇంట్లోనే ఉండేవారు. ఆ రోజు చనిపోయిన పెద్దల ఆత్మలు ఇంటికి వచ్చి వెళతాయని నమ్మకం. పదకొండో రోజు ‘శిళా సణ్’, చద్ది పండగ. తలుపులు తీసి, బీదవాళ్లకు దానం చేసి, చుట్టపక్కాల ఇళ్లకు వెళ్లేవారు. ఈ క్రమంలో గురువు గానీ గ్రంథం గానీ లేకపోతే ఆగిపోయే పని ఒక్కటీ లేదు. షెమా నోటికొచ్చిన మనిషి ఒకరు, రోజులు లెక్కపెట్టగలిగిన ఇల్లాలు ఒకరు ఉంటే చాలు. పుస్తకం లేని జాతి మతాన్ని నిలుపుకోవాలంటే ఇంతకన్నా గట్టి ఏర్పాటు ఏముంటుందో నాకు తోచదు.

దీనికి మొదటి అభ్యంతరం తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. ఇవన్నీ పొరుగు హిందువుల నుంచి తెచ్చుకున్నవేమో? పేర్లన్నీ మరాఠీవే, ఖీర్ మరాఠీ వంటే, పెద్దల ఆత్మలు రావడం భాద్రపదపు పితృపక్షంలో ఉన్నదే. అందులోనూ యూదుల నెల మన తెలుగు, మరాఠీ నెలల్లాగే అమావాస్య వెళ్లగానే మొదలవుతుంది. వాళ్లూ పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు కలుపుతారు. అందుకే తిష్రీ నెల కొన్నేళ్లు భాద్రపదంతోనూ, కొన్నేళ్లు ఆశ్వయుజంతోనూ కలిసి నడుస్తుంది. 2023లో తిష్రీ నాలుగో రోజు సెప్టెంబరు 19న పడింది; ముంబైలో వినాయక చవితి కూడా ఆ రోజే. 2024లో యోమ్ కిప్పూర్, విజయదశమి రెండూ అక్టోబరు 12న, 2025లో రెండూ అక్టోబరు 2న వచ్చాయి. తిథులు ఇలా కలిసినప్పుడు అరువు తెచ్చుకున్నారన్న అనుమానం రావడం సహజం.

కానీ ఆ రోజుల్లో ఏం చేశారో చూడండి. దశమి నాడు మరాఠీ ఊరు ఊరంతా వీధిలో ఉంటుంది. మనం జమ్మి ఆకు పంచుకున్నట్టు వాళ్లు ఆప్టా ఆకును బంగారమని చేతుల్లో పెట్టుకుంటారు, ఇంటింటికీ తిరుగుతారు. సరిగ్గా అలాంటి రోజున ఈ గానుగవాళ్ల ఇల్లు మాత్రం తలుపేసుకుని పస్తుండేది. పొరుగువాళ్ల పండగను అరువు తెచ్చుకునే మనిషి దాని సంబరాన్ని తెచ్చుకుంటాడు. ఊరు పండగ చేసుకుంటున్న వేళ లోపల కూర్చుని ఆకలితో ఉండే ఆచారాన్ని ఎవరి దగ్గర నేర్చుకుంటాడు? పెద్దల ఆత్మల నమ్మకం కొంకణపు నేలలోదే కావచ్చు, నేను కాదనను. ఆ నమ్మకం వచ్చి అతుక్కున్న ఉపవాసం మాత్రం ఈ నేలది కాదు. ఇక తిథులు కలవడం నా వాదనను బలపరుస్తుందనే అనుకుంటాను. అచ్చు క్యాలెండరు లేని గానుగవాడికి అధిక మాసం ఎప్పుడు కలపాలో లెక్కకట్టడం చేతకాని పని. ఊళ్లో పంచాంగం చెప్పే జోషి ఉన్నాడు, అమావాస్య అందరికీ ఒకటే. పొరుగువాడి పంచాంగం సాయంతో తన పండగ రోజును పోగొట్టుకోకుండా ఉండగలిగాడు. ఇది నా ఊహే. అయినా శతాబ్దాల పాటు రోజు తప్పకుండా ఎలా నిలిచిందన్న ప్రశ్నకు ఇంతకంటే సులువైన జవాబు కనబడదు.

రెండో అభ్యంతరం చరిత్రకారులది. కేహీంకర్ రాసింది 1897లో. అప్పటికి గురువులు వచ్చి వెళ్లి చాలాకాలమైంది. తన జాతి ప్రాచీనమైనదని చాటాలన్న ఆరాటం ఆయనకు ఎలాగూ ఉంది. హనుక్కా పండగ వీళ్లకు తెలియలేదు కాబట్టి, ఆ పండగ పుట్టకముందే, క్రీస్తుపూర్వం 175 ప్రాంతంలో వీళ్లు బయలుదేరి ఉంటారని లెక్కగట్టాడు కూడా. ఆ లెక్క నాకు నచ్చదు. ఒక పండగ లేకపోవడానికి వంద కారణాలు ఉంటాయి. అయితే అభిప్రాయాలు వేరు, ఆయన నమోదు చేసిన ఆచారాలు వేరు. గురువులు నేర్పిన మతాన్నే పాతదిగా చూపించాలనుకుని ఉంటే పుస్తకంతో సరిపోయే పండగలు రాసుకునేవాడు: రెండు రోజుల కొత్త సంవత్సరం, షోఫార్ కొమ్ము ఊదడం, పర్ణశాలల పండగ సుక్కోత్. ఆయన రాసినవి గురువులకు నచ్చనివి. పుస్తకంలో లేని నాలుగో రోజు ఖీర్, పదకొండో రోజు చద్ది, ఒక్క రోజుతో సరిపెట్టిన సంవత్సరాది, పేరు కూడా వినని సుక్కోత్. ఖీరిచా సణ్‌లోనే సుక్కోత్ జాడ ఉందని కొందరంటారు. కోతల కాలపు పండగలు రెండూ కాబట్టి అది అసాధ్యం కాకపోయినా, అంత దూరం వెళ్లనక్కర్లేదు. పుస్తకానికి కుదరని ఆచారం పుస్తకం వచ్చాక పుట్టదన్నంత వరకు నాకు చాలు. అలాగని అన్నీ పాతవేననడం లేదు. తిష్రీకి ముందొచ్చే ఎలూల్ నెల ఉపవాసాలను రంజాన్ అనీ, తిష్రీ మూడో నాటి ఉపవాసాన్ని ‘నవ్యాచా రోజా’ అనీ పిలిచేవారు. కొంకణ తీరంలోని జంజీరా సిద్దీ నవాబుల ఏలుబడిలో ముసల్మానుల పక్కన బతికాక చేరిన పొర ఇది, బహుశా డేవిడ్ రహబీ బోధతో చేరింది. మధ్యలో వచ్చినవాటి మీద ఆ కాలపు ముద్ర స్పష్టంగా కనిపిస్తోంది కాబట్టే, ఆ ముద్ర లేని మిగతావాటిని అంతకన్నా పాతవని అనగలుగుతున్నాం.

బొంబాయిలో ఏం జరిగిందో వేగంగా చెప్పవచ్చు. గానుగలు పల్లెల్లోనే ఉండిపోయాయి. మగవాళ్లు కంపెనీ పటాలంలోనూ, వడ్రంగంలోనూ, తర్వాత ఆఫీసు గుమాస్తా కొలువుల్లోనూ చేరారు. పటాలంలో పనిచేసి, టిప్పు చెరలో పడి బయటపడ్డ సామ్యూల్ దివేకర్ 1796లో వీళ్ల మొదటి మందిరం కట్టించాడు. మందిరం వచ్చాక పండగ సగం అక్కడికి మారింది. తెల్లవారుజామున క్షమాపణ ప్రార్థనలు, కొమ్ము ఊదడం, కొబ్బరి మట్టలతో మందిరం ఆవరణలో వేసే పందిరి, ధర్మగ్రంథ పఠనం ముగిసే సిమ్హత్ తోరా నాటి గంతులు, పాటలు అన్నీ వచ్చాయి. చాళ్లో గది మీద ఇంకో గది ఉంటుంది కాబట్టి ఆకాశం కనిపించే పందిరి ఇంట్లో వేసుకునే వీలు లేదు. సుక్కోత్ వీళ్లకు ఇంటి పండగగా ఎన్నడూ పూర్తిగా కుదరకపోవడానికి అదీ ఒక కారణమనుకుంటాను. ఖీరిచా సణ్ మెల్లగా వెనక్కి తగ్గింది. దాని స్థానం ఖాళీగా మాత్రం ఉండలేదు. కొత్త సంవత్సరానికి చేసే ‘చిక్’ హల్వా బొంబాయి బెనే ఇజ్రాయేల్ ఇంటికి గుర్తయింది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండి, పాలు తేరనిచ్చి, అడుగున దిగిన చిక్కటి ముద్దలో కొబ్బరిపాలూ పంచదారా పోసి గంటల తరబడి కలుపుతూనే ఉండాలి. ఒక మనిషి చేతులకు సాధ్యమయ్యే పని కాదు. ఇంట్లోవాళ్లు వంతులు వేసుకుంటారు. గులాబీ రంగు వేసి పళ్లేల్లో ఆరబోసి, ముక్కలు కోసి, ఇరుగుపొరుగులకు పంచుతారు. ఓపిక లేనివాళ్లు ఇప్పుడు మొక్కజొన్న పిండితోనో, చైనా గ్రాస్‌తోనో కానిచ్చేస్తున్నారు. ద్రాక్షసారా దొరకని చోట నల్ల కిస్మిస్ నానబెట్టి పిండిన షర్బత్తుతో పండగ దీవెన చెప్పుకోవడమూ ఇంటి తెలివే.

కొబ్బరిపాలు కొంకణంలో ఎవరు వాడరు, అందులో యూదుల ప్రత్యేకత ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, వస్తువు అందరిదీ. కానీ మాంసం తిన్న పూట పాలు తగలకూడదన్న నియమం ఉన్న ఇంట్లో, పండగ భోజనంలో మాంసం ఉన్నాక తీపి దేనితో చేయాలన్న ప్రశ్న వస్తుంది. పక్కింటి పాయసంలో ఆవుపాలు పడే చోట ఈ ఇంట్లో కొబ్బరిపాలు పడటానికి కారణం రుచి ఒక్కటే కాదు. చేప పొలుసు కథలో రహబీ గుర్తుపట్టింది కూడా ఇలాంటి వంటింటి నియమాన్నే. మతాన్ని నేర్పాడని చెప్పే ఆ కథే, అతను రాకముందు వంటింట్లో ఆ మతం ఉందని ఒప్పుకుంటోంది. కథను తిరగేసి చదివితే తప్ప కనబడదు, అంతే.

ఈ చర్చ పండితుల ముచ్చటగా మిగిలిపోలేదు. 1948 తర్వాత ఇజ్రాయెల్ వెళ్లిన బెనే ఇజ్రాయేల్ కుటుంబాల పిల్లల పెళ్లిళ్లకు అక్కడి మతపెద్దలు 1960ల మొదట్లో అడ్డం చెప్పారు. పూర్వీకుల పెళ్లిళ్లు, విడాకులు శాస్త్రప్రకారం జరిగాయో లేదో తేల్చాలన్నారు. నిరసనలు జరిగాక 1964లో గాని వీళ్లను అన్ని విధాలా యూదులేనని అంగీకరించలేదు. పుస్తకం లేని చోట మతం లేదన్న పాత తీర్పు పెళ్లిపందిరి దాకా వెంటాడింది.  

దేశంలో ఇప్పుడు మిగిలిన కొద్ది వేలమంది యూదుల్లో ఎక్కువమంది ముంబైలో, ఠాణేలో ఉన్నారు. బైకుల్లా, ఆగ్రీపాడాల్లో పాత చాళ్లు కూలి టవర్లు లేస్తున్నాయి. వారసత్వ కట్టడాల జాబితాల్లో మందిరాలకు చోటుంది. దార్‌ఫాళ్నిచా సణ్ నాడు తలుపేసుకున్న గదులకు లేదు. ఇదే జాబితాల్లో కామాఠీపురా తెలుగువాళ్ల గదులకూ చోటు లేదన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఈ పేటల చరిత్ర రాస్తున్నవాళ్లకు ఒక విన్నపం: గోపురాల కొలతలు ఇప్పటికే చాలామంది రాశారు, ఇక అవి చాలు. ఇక్కడ ఇంకా కాపురముంటున్న బెనే ఇజ్రాయేల్ పెద్దల దగ్గరికి, ముఖ్యంగా ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల అమ్మమ్మల ఇళ్లలో తిష్రీ నాలుగో రోజున ఖీర్ వండేవారా, పదకొండో రోజున ఎవరికి దానం ఇచ్చేవారు, పండగ ఏ రోజున పడుతుందో ఇంట్లో ఎవరు లెక్క చెప్పేవారు అని అడిగి, చెప్పింది చెప్పినట్టు మరాఠీలోనే రాసిపెట్టండి.